గడ్డి ఎట్లుంది?

కామారెడ్డిలో నేను అద్దెకుంటున్న గది కింద ఎరువులు, మందుల దుకాణం ఉంది. ఏడాదిలో పది నెలలు ఆ దుకాణం సంగతే నాకు పట్టదు గానీ, వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే చాలు, గడ్డిమందు వాసన మెట్ల మీదుగా ఎక్కి వచ్చి నా అన్నం గిన్నెలోకి, ఆరేసిన బట్టల్లోకి, ఆసుపత్రికి వేసుకుపోయే తెల్లకోటులోకి దూరుతుంది. ల్యాబులో రక్తపరీక్షలు చేసే మనిషిని, ఘాటు వాసనలు నాకు కొత్త కాదు. ఈ వాసన తగిలినప్పుడు మాత్రం పదకొండేళ్ల పిల్లనై, ఎల్లారెడ్డి పక్కనున్న మా ఊళ్లో, మా ఇంటి అర్రలో, స్టూలు మీద నిలబడి, ఛార్జింగుకు పెట్టిన ఫోనులో గడ్డి పాకిందా లేదా అని ఊపిరి బిగబట్టి చూసిన సాయంత్రాలకు పోతాను. గడ్డిని చంపే వాసనకు గడ్డిని పెంచిన రోజులు గుర్తుకు రావడమేమిటని మీరు నవ్వొచ్చు. నాకు నవ్వు రాదు.

పోచారం కాలువ కింద మాకు రెండెకరాల వరి, దాన్ని ఆనుకుని ఎకరం మక్కచేను ఉండేవి. బాపు నీళ్లూ నాట్లూ చూసుకునేవాడు, అమ్మ బర్రెలను చూసుకునేది, మా నాయినమ్మ గరికను చూసుకునేది. ఆమెను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వకు ఈ భూమ్మీద గరిక తప్ప వేరే శత్రువు లేదు. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిగడ్డ కొరుక్కుని, చీర కుచ్చిళ్లు ఎగజెక్కి, చిన్న కొడవలి పట్టుకుని మక్కసాళ్లలో కూర్చుంటే, ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్న చోటే జరుగుతూ జరుగుతూ చేను ఈ చివర నుంచి ఆ చివరకు చేరేది. పెరికిన గరికను గట్టు మీద వేయనిచ్చేది కాదు. వేళ్లు పైకి పెట్టి బండల మీద ఎండబోయించేది, ఎండాక కూడా దాని వంక అనుమానంగానే చూసేది. ఆమె గోళ్ల సందుల్లో మన్ను ఏ పండుగ తలస్నానానికీ పోలేదు. చేతులకు ఎప్పుడూ తడిమట్టి వాసన, దాని మీద తెంపిన గరిక పచ్చివాసన ఉండేవి, ఆ చేతులతోనే నాకు కాల్చిన మక్కకంకి గింజలు ఒలిచి పెట్టేది.

గడ్డి పట్టిన చేను అంటే మా ఇంట్లో పరువు తక్కువ. ఇది నేను పాలతోపాటు తాగిన బుద్ధి. జరిగిందానికి మూలం ఇదే కాబట్టి ముందే చెప్తున్నాను.

మా అన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. బాపు కొత్తగా కొన్న టచ్ ఫోనులో వాడొక ఆట ఎక్కించాడు. అందులో లోకమంతా చదరపు దిమ్మెలే. మన్ను దిమ్మె, రాయి దిమ్మె, మొద్దు దిమ్మె, తవ్వినకొద్దీ తవ్వుకోవచ్చు, పేర్చినకొద్దీ పేర్చుకోవచ్చు. మిగతా పిల్లలు కోటలు కట్టేవాళ్లు. మావాడు మా ఇల్లే కట్టాడు. అదే అర్ర, అదే బర్రెల కొట్టం, ఇంటి ముందు మా ఊరి బడిమైదానమంత పచ్చిక బయలు, అందులో ఆరు గొర్రెలు. చీకటి పడితే ఆ ఆటలో భూతాలు తిరుగుతాయని బయలు చుట్టూ రాతిగోడ పెట్టాడు. వేసవి మధ్యాహ్నాలు వాడు కడుతుంటే నేను పక్కన కూర్చుని మామిడికాయ ముక్కలకు ఉప్పుకారం అద్ది వాడి నోట్లో పెట్టేదాన్ని. వాడి చేతులు ఖాళీగా ఉండవు కదా.

ఆ జూన్‌లో వాణ్ని ఇంటర్ చదువుకు కామారెడ్డిలో హాస్టల్లో వేశారు. నెల తిరగకముందే రెండుసార్లు పారిపోయి వచ్చాడు. రెండోసారి బాపు వాణ్ని కొట్టలేదు, అరవలేదు, చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడి, "మూడోసారి గిట్ల బస్సు దిగినవంటే సదువు బందు. బర్లెంబడి పోదువు," అన్నాడు. ఆ నిదానానికే అమ్మ ఏడ్చింది. దసరా దాకా రానని అన్న ఒప్పుకున్నాడు. పోయేముందు నన్ను కొట్టంలోకి పిలిచి, "చెల్లె, ఫోను బాపుదే గని ఆ జాగ నాది. నేనచ్చేదాక గట్లనే ఉంచు. గది ఉన్నదంటేనే నేనాడ ఉంట," అన్నాడు. నేను గడప ముట్టి ఒట్టు పెట్టాను.

ఒట్టు పెట్టి ఇరవై రోజులు కూడా నిలబెట్టుకోలేదు. ఊరంతా దుక్కులు దున్నుతున్న రోజులవి, ఎటు చూసినా ఎర్రగా తిరగబడిన నేల, కొంగలు, ట్రాక్టరు చప్పుడు. బాపు సాయంత్రం ఫోను ఛార్జింగుకు పెట్టి పాల క్యాను తీసుకుని పాలకేంద్రానికి పోయినప్పుడు నేను ఆట తెరిచి చూస్తే, అంత మంచి నేల, గోడ నుంచి గోడ దాకా, గడ్డి పట్టి ఉంది! అన్న వచ్చేసరికి గోధుమ పంట నిలబెట్టి వాణ్ని ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆ ఆటలో పార ఉంటుంది, దాంతో కొడితే గడ్డి పోయి నేల సాలు అవుతుంది. మూడు సాయంత్రాలు కూర్చుని మూలమూలా దున్నాను, అవ్వ మనవరాలిని కదా, ఒక్క పోచ మిగల్చలేదు. విత్తనాలు చూస్తే ఒక సాలుకు కూడా సరిపోలేదు. నాలుగోరోజుకు నీళ్లు లేని సాళ్లు ఎండి, పూడి, ఉత్త మన్నయిపోయాయి. అన్న బయలంతా గోధుమరంగు. గొర్రెలు ఆ మన్నులో అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ నుంచి ఫోను వచ్చేది. ఒక్కో పిల్లవాడికి రెండు నిమిషాలు. అమ్మ తిన్నావా అని అడిగి, బాపు చదువుతున్నావా అని అడిగి, అవ్వ ఊరికే "బిడ్డా, బిడ్డా" అని, చివరకు ఫోను నా చేతికి వచ్చేసరికి పది సెకన్లు ఉండేవి. ఆ పది సెకన్లలో అన్న ఒకే మాట అడిగేవాడు.

"గడ్డి ఎట్లుంది?"

"పచ్చగ ఉంది," అన్నాను.

ఫోను పెట్టాక నా చెవి కాలిపోయింది. నిజం చెప్తే వాడు ఆ సాయంత్రమే బస్సెక్కుతాడని, మూడోసారి దిగుతాడని, బాపు అన్న మాట మీద నిలబడే మనిషని నాకు తెలుసు. అన్న చదువు నా చేతిలో ఉందని ఆ వయసులో నేను గట్టిగా నమ్మాను. ఇప్పటికీ అది పూర్తిగా తప్పని అనుకోను. దసరాలోపు ఆ నేల మళ్లీ పచ్చబడాలి, అంతే.

ఇక్కడ నేను మా నేల మీద పుట్టిన పిల్లలే చేసే తప్పు చేశాను. గడ్డి రావాలంటే ఏం చేయాలి? నీళ్లు పెట్టాలి. మా ఊళ్లో ఏది మొలిచినా కాలువ నీళ్లకే మొలిచింది. ఆటలో దూరంగా ఒక వాగు ఉంటే అక్కడి నుంచి గోడ దాకా కాలువ తవ్వాను, తూము పెట్టాను, లోపల పిల్లకాలువలు తీసి మడి కట్టినట్టు నేలంతా తడిపాను. రోజూ బడి నుంచి వచ్చి సంచి మూలకు పడేసి చూస్తే నీళ్లు, నీళ్ల కింద మన్ను. వారమైంది. రెండు వారాలైంది. ప్రతి ఆదివారం "గడ్డి ఎట్లుంది?" ప్రతి ఆదివారం "పచ్చగ ఉంది." వినాయకుడి పండుగకు ఉండ్రాళ్లు గొంతు దిగలేదు. పూజకు గరిక తెమ్మని అమ్మ పంపిస్తే గట్టు మీద పుట్లుపుట్లుగా ఉన్న గరికను చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంత అక్కరలేని చోట ఇంత ఎందుకు పెరుగుతుంది!

నిమజ్జనం అయ్యాక వచ్చిన ఆదివారం అవ్వతో కలుపు తీస్తుంటే ఇక ఉండబట్టలేక అడిగాను, నీళ్లు పెట్టినా గరిక రాకపోతే ఏం చేయాలని. అవ్వ కొడవలి ఆపి, నాకు ఎండ తగిలిందేమోనని నుదురు ముట్టి చూసింది.

"గరికకు నీళ్లతోని ఏం పనే పిల్లా? నీళ్లు వరికి. గరికకు పక్కపొంటి గరిక ఉండాలె. ఒక్క కణుపు తాకిందంటే చేనంత పాకుతది."

"మల్ల నడుమ గోడ ఉంటే?"

"గోడ ఉంటే రాదు. మన కొట్టం తడక కిందికెల్లి రాలేదా? గట్ల సందు ఉండాలె."

మట్టిచేతులతోనే ఇంటికి పరుగెత్తాను. ఆ సాయంత్రం కాలువ పూడ్చి, నీళ్లు తీసేసి, గోడలో ఒకచోట రాళ్లు తొలగించాను. గోడ అవతల అడవంతా పచ్చికే. రాళ్ల కింద మన్ను తేలింది. భూతాలు రాకుండా ఆ సందులో ఒక చిన్న తడకలాంటి గేటు పెట్టి స్టూలు మీదే నిలబడి చూశాను. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గేటు కింది దిమ్మె పచ్చబడింది. కళ్లు మూసి తెరిచేంతలో, చప్పుడు లేకుండా. నేను అరిచిన అరుపుకు అవ్వ, ఇంట్లో తేలు దూరిందనుకుని చీపురు పట్టుకొచ్చింది.

అప్పుడు ఆమెకు అంతా చెప్పాను. దున్నిన సంగతి, అబద్ధాల సంగతి. అవ్వ ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ఆ ఒక్క పచ్చ దిమ్మెను చూసింది. "తియ్యలేక నా నడుము పాయె. నువ్వు మొలిపిస్తున్నవా," అంది. తిట్టలేదు. ఎన్ని రోజులున్నాయని మాత్రం అడిగింది. ఇరవై రెండు.

ఆ ఇరవై రెండు రోజులూ నాకు జ్వరంలోలా గడిచాయి. ఆట తెరిచి ఉంటేనే గడ్డి పాకుతుంది, తెర ఆరిపోతే ఆట ఆగుతుంది, అర నిమిషానికోసారి తెరను ముట్టకపోతే ఆరిపోతుంది. బాపు పాలకేంద్రం నుంచి వచ్చేలోపు నాకు గంటన్నర దొరికేది, అందులో కరెంటు పోయే సమయం తీసేయాలి. పైగా ఒక పక్క మొలిచింది ఇంకో పక్క మాయమవుతోంది. ఎందుకా అని చూస్తే అన్న గొర్రెలే, మొలిచింది మొలిచినట్టే మేసేస్తున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తోలి ఇంట్లో వేసి తలుపు మూశాను. మా సొంత అర్రలో, అవ్వ మంచం ఉండాల్సిన చోట ఆరు గొర్రెలు. ఇది చూసి అవ్వ పడీపడీ నవ్వింది. నేను రొట్టెలకు పిండి కలపాల్సి వచ్చినా, బర్రెకు కుడితి పెట్టాల్సి వచ్చినా అవ్వ స్టూలు పక్కన గోడకానుకుని నిలబడి, మన్ను నిండిన గోటితో తెరను పొడుస్తూ ఉండేది. వేలితో కాదు, గోటితో. చాలాసార్లు అది పనిచేసేది కాదు, తెర ఆరిపోయేది, "సచ్చిందే!" అని కేకపెట్టేది.

సగం బయలు పచ్చబడ్డ రోజున ఫోను మోగింది. ఫోను వస్తే ఆట ఆగిపోతుంది. గోడ మూల మలుపు తిరుగుతున్న పచ్చికను చూస్తున్నదాన్ని, చూడకుండానే కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను. అది కాలువ నీళ్లు వదిలే లష్కర్ ఫోను. ఆ రాత్రి మా వంతు నీళ్లు కింది మళ్లకు పోయాయి. మరుసటి పొద్దున బాపు పగుళ్లు తీసిన మడిలో నిలబడి ఉన్నాడని అమ్మ చెప్పింది. పొట్టకు వచ్చిన వరి.

"లష్కర్ రెండుసార్లు చేసిండట. ఎవరు కట్ చేసిండ్రు?" అని ఇంటికొచ్చి అడిగాడు.

నేను అని చెప్పాను. అదొక్కటి నిజం చెప్పాను. బాపు నా వంక చూసి, ఫోను తీసి అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పాలకేంద్రానికి కూడా జేబులోనే. ఆటలో అక్కరలేని నీళ్లన్నీ పెట్టిన నేను, నిజం నీళ్లు పోగొట్టాను. తర్వాతి వంతు నాలుగోరోజున వచ్చి చాలావరకు పంట నిలిచింది గానీ, ఆ నాలుగు రోజులు బాపు తిన్న కంచంలో సగం అన్నం మిగిలేది. నాకు ఆ అన్నం చూస్తే భయమేసేది. ఇటు మడి, అటు బయలు, రెండూ నావల్లే.

బతుకమ్మ మొదలైంది. గునుగు, తంగేడు కోసుకొచ్చి వాకిట్లో పోస్తున్నారు, ఇంటింటా నువ్వులు వేయించిన కమ్మటి వాసన. అన్న ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మకు వస్తాడు. ఇంకా ఐదు రోజులు. అప్పుడు మా అవ్వ, పుట్టి బుద్ధెరిగాక కొడుకు దగ్గర అబద్ధమాడనిది, వాకిట్లో కూర్చున్న బాపు ముందు చెయ్యి చాపింది.

"ఫోనియ్యి కొడుకా. పిల్ల బతుకమ్మ పాటలు సూపిస్తదట."

అవ్వ నోట్లోనే ఊరికి సరిపోయే పాటలున్నాయని బాపుకు తెలుసు. ఆమెనూ నన్నూ మార్చిమార్చి చూశాడు. జేబులోంచి తీసి ఇచ్చాడు. "లష్కర్ చేస్తే ఎత్తుండ్రి," అన్నాడు, అంతే.

సద్దుల నాడు మధ్యాహ్నానికి బయలులో ఏడు దిమ్మెలు మిగిలాయి. సరిగ్గా ఇంటి గుమ్మం ముందు, ఎవరికైనా ముందు కనబడే చోట. అవి ఎంతకీ నిండలేదు. బస్సొచ్చే వేళయింది.

అన్న సన్నబడ్డాడు, మెడ పొడవైనట్టుంది. ఎల్లారెడ్డి బస్టాండు నుంచి ఇంటి దాకా దారి పొడుగునా వాడు ఆ మాట అడుగుతాడని చూశాను. అడగలేదు. ఇంటికొచ్చి అమ్మ పెట్టిన మక్కగారెలు తిన్నాడు, బర్రెల గంగడోలు నిమిరాడు, అవ్వ పక్కన కూర్చుని ఆమె మోకాళ్లు పిసికాడు, బాపుతో మడి దాకా పోయొచ్చాడు. ఫోను గూట్లోనే ఉంది, వాడు అటు చూడనైనా చూడలేదు. సాయంత్రమైంది, బతుకమ్మ పేరుస్తున్నారు, నా చేతుల్లో తంగేడు పూలు నలిగిపోతున్నాయి. ఇక నావల్ల కాలేదు. కొట్టం దగ్గర ఆపి అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఏ వారమూ పచ్చగా లేదని, నేనే దున్నేశానని, ఇంకా ఏడు మిగిలాయని.

అన్న గుంజకు ఆనుకున్నాడు.

"నేను అడిగింది ఆ గడ్డి గురించి కాదే," అన్నాడు. "ఇల్లెట్లుంది అని అడిగితే ఏడుపస్తది. ఎనుక పది మంది లైన్ల ఉంటరు, వార్డెన్ సారు పక్కకే నిలవడ్తడు. గడ్డి ఎట్లుంది అంటే ఎవనికి ఏం సమజైతది?" కొట్టంలోని బర్రెల వంక చూస్తూ, "నువ్వేమో పచ్చగ ఉంది అంటివి. గదే పట్టుకొని వారమంత ఎళ్లదీసిన," అన్నాడు.

అప్పుడు నేను ఏడ్చాను. నా అబద్ధమే వాణ్ని అక్కడ నిలబెట్టిందని సంతోషపడాలో, ఇల్లు బాగుందా అని వాడు అడుగుతుంటే నేను దిమ్మెల లెక్క చూసుకున్నానని సిగ్గుపడాలో తెలియక ఏడ్చాను. తర్వాత వాడు అడిగినవాటికి సరైన జవాబులు చెప్పాను. అవ్వ మోకాళ్ల సంగతి, నీళ్లు తప్పిన రాత్రి సంగతి, బాపు మిగిల్చిన అన్నం సంగతి. వాడు అన్నీ విన్నాడు. లోపలికి పోయి ఫోను తీసి, ఆ ఏడు దిమ్మెలు చూసి, గొర్రెలు ఎక్కడున్నాయని అడిగాడు. అవ్వ మంచం కాడ ఉన్నాయంటే నవ్వాడు. దసరా జమ్మి పంచుకున్నాక హాస్టలుకు పోయాడు, మళ్లీ పారిపోయి రాలేదు.

ఆ ఏడు దిమ్మెలూ నిండాయో లేదో నాకు తెలియదు. యాసంగి నాట్లప్పుడు ఫోను బాపు జేబులోంచి జారి కాలువలో పడింది, ఆ లోకం దాంతోపాటే పోయింది. అవ్వ పోయి ఆరేళ్లు. ఆమె తర్వాత మా ఇంట్లో సాళ్ల వెంట కూర్చుని జరిగేవాళ్లు లేరు, కూలికి పిలిచినా వచ్చేవాళ్లు లేరు. చదువైపోయాక మా భూమి అన్నే చూసుకుంటున్నాడు. అందరిలాగే గడ్డిమందు కొడుతున్నాడు. మా గట్లు వానాకాలంలోనూ కాలినట్టు పసుపుపచ్చగా ఉంటాయి. వచ్చే వారం గ్రహణమట, పచ్చడి జాడీల మీద వేయడానికి గరిక కావాలని, ఊళ్లో ఎక్కడా కనబడడం లేదని మొన్న అమ్మ ఫోను చేసింది. గరిక కోసం కామారెడ్డికి కబురు! రైలుకట్ట పక్క గోడ వెంబడి వెతికితే ఒక సందులోంచి పాకుతూ కనిపించింది. కణుపులతో సహా పీకి కవర్లో వేశాను.

నిన్న అన్న మందు కోసం వచ్చాడు. కింద దుకాణంలో రెండు డబ్బాలు కొని మెట్లెక్కి వచ్చి, వాటిని గుమ్మం బయటే పెట్టి, చాయ్ తాగి లేచాడు. గరిక కవరు చేతికిచ్చాను. దాన్ని విప్పి చూసి, ఒక పోచను వేళ్ల మధ్య తిప్పి, మళ్లీ ముడేసుకున్నాడు.

"గడ్డి ఎట్లుందన్నా?" అన్నాను.

వాడు గుమ్మం దాటి, ఒక చేత గరిక కవరు, ఇంకో చేత రెండు డబ్బాలూ పట్టుకుని, మెట్ల వైపు చూస్తూ చెప్పాడు.

"పచ్చగ ఉందే."